జంతువుల బొమ్మలతో అక్షరాలు నేర్చుకున్న రోజా బొనర్



ఈసారి మన గోడ పత్రికలో నేను ఒక చిత్రకారిణి జీవిత చరిత్ర రాస్తున్నాను. ఆమె మన దేశం మనిషి కాదు. ఫ్రాన్సు దేశము ఆమెది. చనిపోయి నూరేళ్ళు దాటింది. ఆమె పేరు రోజా బొనర్. పేరు వింటే మన రోజా పువ్వే గుర్తొస్తుంది గదా. ఆమె బ్రతికినంత కాలము ఆవులు, ఎద్దులు, గుర్రాలు, గొర్రెలు, సింహాలు, వీటి బొమ్మలే ఎక్కువగా వేసింది.

గొప్పవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈమె గురించే ఎందుకు రాస్తున్నానంటే, చిన్నప్పుడు ఈమెకు అక్షరాలు అస్సలు రాలేదు. పలక ముందు పెడితే ఏడుపు వచ్చిన పిల్లలు మనలో కూడా ఉన్నారు. నేను కూడా అట్లాంటి దాన్నే. అందుకని ఈమె కథ తెలిసినప్పుడు అందరికీ చెప్పాలనిపించింది. కొంచెం పెద్దగా ఉంది. ఓపికగా చదవండి.

బాల్యము

రోజా బొనర్ 1822వ సంవత్సరము మార్చి 16న ఫ్రాన్సు దేశములోని బోర్డో పట్టణములో జన్మించెను. తండ్రి పేరు రేమండ్ బొనర్. ఆయన బొమ్మలు వేసేవాడు, పిల్లలకు డ్రాయింగు నేర్పేవాడు. తల్లి పేరు సోఫీ. ఆమె సంగీతము పాఠాలు చెప్పేది. రోజా తర్వాత ఇద్దరు తమ్ముళ్ళు, ఒక చెల్లెలు పుట్టారు. నలుగురిలో రోజాయే పెద్దది.

రోజాకు చాలా చిన్నప్పటి నుండే పెన్సిల్ దొరికితే చాలు, బొమ్మలు గీసుకుంటూ కూర్చునేది. పశువులను చూస్తే అక్కడి నుండి కదిలేది కాదు. కానీ చదువు దగ్గరికి వచ్చేసరికి తలనొప్పి. అక్షరాలు ఎన్నిసార్లు చెప్పినా బుర్రకు ఎక్కేవి కావు. ఒక గీత ఎందుకు ఒక శబ్దము అవుతుందో ఆ పాపకు అర్థమయ్యేది కాదు.

అమ్మ చేసిన ఉపాయము

వాళ్ళ అమ్మ కొట్టలేదు, మొద్దు అని తిట్టలేదు. బిడ్డకు ఏది ఇష్టమో చూసింది. జంతువులంటే ఇష్టము, బొమ్మలంటే ఇష్టము. అందుకని ఒక్కొక్క అక్షరము దగ్గర ఒక్కొక్క జంతువు బొమ్మ వేయమని చెప్పింది. ఆ జంతువు పేరు ఆ అక్షరముతోనే మొదలు కావాలి. ఫ్రెంచి భాషలో గాడిదను ఆన్ అంటారు, అది ఏ అక్షరముతో మొదలవుతుంది. ఆవును వాష్ అంటారు, అది వి అక్షరముతో మొదలవుతుంది. ఇట్లాగ అన్ని అక్షరాలకు ఒక జంతువు దొరుకుతుంది. రోజా బొమ్మలు వేస్తూ వేస్తూ అక్షరాలు మొత్తము నేర్చేసింది. భయము పోయింది.

పెద్దయ్యాక రోజా ఈ సంగతి చాలాసార్లు చెప్పుకున్నది. జంతువుల మీద తన ప్రేమకు అక్కడే మొదలు అని ఆమె నమ్మకము.

ప్యారిస్ నగరము

పని కోసము తండ్రి 1828లో ప్యారిస్ నగరానికి పోయాడు. మరుసటి సంవత్సరము తల్లి పిల్లలను తీసుకుని అక్కడికే వెళ్ళింది. పట్టణములో ఖర్చు ఎక్కువ, సంపాదన తక్కువ. అప్పుడు తండ్రి సెన్ సిమోన్ అనే ఆయన భావాలను నమ్మే సంఘములో చేరాడు. ఆ సంఘము వాళ్ళు ఆడవాళ్ళూ మగవాళ్ళూ సమానము అనేవారు. ఆ మాట చాలా మంచిది. ఆ మాట ఇంట్లో వినబట్టే రోజాకు తరువాత ధైర్యము వచ్చింది. కానీ తండ్రి ఇల్లు విడిచి కొంతకాలము ఆ సంఘము వాళ్ళతోనే ఉండిపోయాడు. నలుగురు పిల్లల బరువు తల్లి మీద పడింది. ఆమె పగలు సంగీతము పాఠాలు చెప్పి, రాత్రులు బట్టలు కుట్టి పిల్లలను సాకింది. సమానము అని చెప్పిన ఇంట్లోనే ఒక్క మనిషి ఇద్దరి పని చేసింది. నాకు ఇది రాస్తుంటే మా ఊరిలో కొన్ని ఇళ్ళు గుర్తొచ్చినవి.

అట్ల కష్టపడి కష్టపడి ఆమె జబ్బు పడింది. 1833లో చనిపోయింది. అప్పటికి రోజాకు 11 ఏండ్లు. సమాధి కట్టించటానికి డబ్బులు లేక, దిక్కులేని వాళ్ళను అందరినీ కలిపి పూడ్చే గుంటలోనే ఆమెను పూడ్చిపెట్టారు. తరువాత రోజా ఎంతో డబ్బు సంపాదించింది గానీ అమ్మకు సమాధి కట్టటానికి చోటు తెలియదు. అక్షరాలు నేర్పిన అమ్మ తన బిడ్డ గొప్పతనము చూడలేదు.

బడిలో ఇమడలేదు

తల్లి పోయిన తరువాత రోజాను ఒక చోట కుదురుగా ఉంచటము కష్టమైంది. మగపిల్లలతో కలిసి పరుగులు తీసేది. ఒక బోర్డింగు బడిలో వేస్తే అక్కడ కర్ర కత్తులతో యుద్ధము ఆట ఆడి, బడి పెద్దమ్మగారి గులాబి చెట్లన్నీ పాడు చేసిందట. రోజాయే రోజాలు విరిచింది! దానితో అక్కడి నుండి పంపించేసినారు. బట్టలు కుట్టే ఆమె దగ్గర పని నేర్చుకోమని పెట్టారు. సూది దారము ఆమె చేతికి నచ్చలేదు. అక్కడ కూడా నిలవలేదు.

చివరికి తండ్రికి అర్థమైంది. ఈ పిల్లకు బొమ్మలు తప్ప ఇంకేదీ వద్దు అని. ఇక తనే నేర్పటము మొదలుపెట్టాడు. ముందు పుస్తకాలలోని బొమ్మలు చూసి గీయించాడు. తరువాత ఎదురుగా వస్తువు పెట్టి గీయించాడు. ఆ రోజులలో ప్యారిస్‌లోని ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో అమ్మాయిలను చేర్చుకొనేవారు కాదు. 1897లో గానీ చేర్చుకోలేదు. అప్పటికి రోజా ముసలిది అయిపోయింది. కనుక ఇంట్లో తండ్రే ఆమెకు గురువు. 14 ఏండ్లకు, అంటే ఇప్పుడు నా వయస్సుకు, ఆమె లూవ్ర్ అనే పెద్ద మ్యూజియముకు రోజూ పోయి పాత చిత్రకారుల బొమ్మలు చూసి గీసేది. ఆ నకళ్ళు అమ్మి ఇంటికి డబ్బులు ఇచ్చేది.

ఆ వయసులోనే నతాలీ మికాస్ అనే అమ్మాయి పరిచయమైంది. వాళ్ళిద్దరి స్నేహము 50 ఏండ్లకు పైగా, నతాలీ చనిపోయే వరకు ఉన్నది.

ఆరో అంతస్తులో గొర్రె

రోజాకు బ్రతికి ఉన్న జంతువును చూసి బొమ్మ వేయాలి. ఊరిలో అయితే ఎక్కడ చూసినా పశువులే. ప్యారిస్‌లో ఎక్కడ దొరుకుతాయి? అందుకని ఇంట్లోనే పెంచింది. వాళ్ళు ఉండేది ఆరో అంతస్తులో. అక్కడ కుందేళ్ళు, పక్షులు, ఒక గొర్రె కూడా ఉండేది. గొర్రెకు గడ్డి కావాలి గదా. తమ్ముళ్ళు దాన్ని భుజాన ఎత్తుకుని మెట్లన్నీ దిగి కిందికి తీసుకుపోయి మేపుకుని, మళ్ళీ ఎత్తుకుని పైకి వచ్చేవారు. ఇది చదివి నాకు చాలా నవ్వు వచ్చింది. తమ్ముళ్ళంటే అట్ల ఉండాలి.

ఈ తమ్ముళ్ళూ చెల్లెలూ కూడా తరువాత కళాకారులు అయ్యారు. ఓగుస్త్, జూలియెట్ చిత్రకారులు. ఇసిదోర్ శిల్పి.

తోలు కింద ఏమున్నది

జంతువు పైకి కనబడేది తోలు మాత్రమే. లోపల ఎముక ఎట్ల ఉన్నది, నడిచేటప్పుడు కండ ఎట్ల కదులుతుంది అని తెలియకపోతే బొమ్మ బొమ్మ లాగానే ఉంటుంది, ప్రాణము రాదు. ఇది రోజా అనుకున్నది. అందుకని ప్యారిస్‌లో పశువులను కోసే చోటుకి పోయి నెత్తురు, వాసన మధ్యలో కూర్చుని గీసుకున్నది. అక్కడ అందరూ మగవాళ్ళే. వచ్చిన కొత్తలో ఎగతాళి చేశారు, విసిగించారు. అక్కడ పనిచేసే ఒక మంచి మనిషి ఆమెకు అండగా నిలబడ్డాడు. ఆల్ఫోర్ అనే చోట ఉన్న పశువైద్య పాఠశాలలో చనిపోయిన జంతువులను కోసి చూసి లోపలి భాగాలు నేర్చుకున్నది.

1841లో 19 ఏండ్ల వయస్సులో ఆమె బొమ్మలను మొదటిసారి ప్యారిస్ పెద్ద ప్రదర్శనలో పెట్టారు. దాన్ని సలోన్ అంటారు. దేశములోని చిత్రకారులందరూ అక్కడ బొమ్మ పెట్టాలని ఆశపడేవారు. రోజా పెట్టినవి కుందేళ్ళ బొమ్మ ఒకటి, మేకలూ గొర్రెల బొమ్మ ఒకటి. ఏడు ఏండ్లకు, 1848లో, అదే సలోన్‌లో బంగారు పతకము వచ్చింది.

పన్నెండు ఎద్దులు

పతకము వచ్చినాక ప్రభుత్వము ఆమెకు ఒక పని ఇచ్చింది. పొలము దున్నే బొమ్మ వేయాలి. 3000 ఫ్రాంకులు ఇస్తామన్నారు. ఆమె నివెర్నె అనే ప్రాంతమునకు పోయి అక్కడి నేలను, ఎద్దులను చూసి 1849లో బొమ్మ పూర్తి చేసింది. దాని పేరు నివెర్నెలో దుక్కి దున్నుట.

ఆ బొమ్మలో పన్నెండు ఎద్దులు ఉన్నవి. ఆరు ఒక నాగలికి, ఆరు ఇంకొక నాగలికి. తెల్లవి, లేత గోధుమ రంగువి. కింద అప్పుడే తిరగబడిన మట్టి గడ్డలు. మనుషులు ఉన్నారు గానీ వాళ్ళు చిన్నగా, ఎద్దుల చాటున ఉన్నారు. బొమ్మ అంతా ఎద్దులదే. అందులో ఒక ఎద్దు తల తిప్పి, పెద్ద కన్నుతో మన వైపే చూస్తుంది. అలసిపోయిన చూపు అది. దుక్కి దున్నే ఇంటి పిల్లలకు ఆ చూపు ఎవరూ చెప్పనక్కరలేదు. సాయంత్రము కాడి దించేటప్పుడు మన ఎద్దులు చూసేది అట్లనే గదా. రోజా పొలము లేని పట్టణములో పెరిగింది. అయినా ఆ కన్ను పట్టుకున్నది, ఎందుకంటే ఆమె ఓపికగా చూసింది. ఆ బొమ్మ ఇప్పుడు ప్యారిస్‌లో ఓర్సే మ్యూజియములో ఉన్నది.

అదే సంవత్సరము తండ్రి చనిపోయాడు. ఆయన ఆడపిల్లల డ్రాయింగు పాఠశాలకు పెద్దగా ఉండేవాడు. ఆ బాధ్యత రోజా తీసుకున్నది. చెల్లెలు జూలియెట్ తోడుగా ఉన్నది.

గుర్రాల సంత

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద బొమ్మ గురించి చెప్తాను. ప్యారిస్‌లో ఒక వీధిలో గుర్రాల సంత జరిగేది. రోజా ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు అక్కడికి పోయి గీసుకున్నది. సంతలో అందరూ మగవాళ్ళు, గుర్రాలు తన్నుతాయి, పొడుగు గౌను వేసుకుని తిరగటము కుదరదు, అందరూ అటే చూస్తారు. అందుకని ఆమె జుట్టు పొట్టిగా కత్తిరించుకొని, ప్యాంటు, చొక్కా వేసుకుని పోయేది.

ఇక్కడ ఒక విచిత్రము ఉన్నది. ప్యారిస్‌లో 1800 సంవత్సరము నుండి ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల పర్మిషన్ కావాలి. డాక్టరు సంతకము కూడా కావాలి. ఆరు నెలలకు ఒకసారి కాగితము మార్చుకోవాలి. రోజా అట్లాగే పర్మిషన్ తీసుకున్నది. 1857 నాటి ఆమె కాగితము ఇంకా ఉన్నది. ఆ చట్టము ఎంత కాలము పుస్తకములో ఉండిపోయిందో తెలుసా? 2013లో గానీ అక్కడి ప్రభుత్వము అది చెల్లదు అని ప్రకటించలేదు.

గుర్రాల సంత బొమ్మ ఎత్తు 8 అడుగులు, పొడవు 16 అడుగుల పైన. మన తరగతి గోడ మీద పెడితే గోడ నిండిపోతుంది. అందులో బలమైన గుర్రాలు గుండ్రముగా తిరుగుతున్నవి. ఒకటి రెండు కాళ్ళ మీద లేచింది. ఇంకొకటి కళ్ళు తెరిచి బెదురుతున్నది. మనుషులు పగ్గాలు గట్టిగా లాగుతున్నారు. ఆ జనము మధ్యలో ఒక గుర్రము మీద ఉన్న మనిషి రోజాయే అని కొందరు అంటారు.

1853లో సలోన్‌లో పెట్టితే అందరూ ఆశ్చర్యపోయారు. దీని తరువాత ఆమె బొమ్మలను పరీక్ష చేయకుండానే ప్రదర్శనలో పెట్టాలని నిర్ణయించారు. రోజా ఆ బొమ్మను తాను పుట్టిన బోర్డో పట్టణానికి తక్కువ ధరకు ఇస్తానన్నది. వాళ్ళు తీసుకోలేదు. గంబార్ట్ అనే వ్యాపారి 40,000 ఫ్రాంకులు పెట్టి కొని ఇంగ్లండుకు తీసుకుపోయాడు. విక్టోరియా రాణి కూడా ఆ బొమ్మను తెప్పించుకుని చూసింది. దాని నకళ్ళు అచ్చు వేస్తే ఎన్నో ఇళ్ళలో గోడలకు పెట్టుకున్నారు. తరువాత ఆ బొమ్మ అమెరికా చేరింది. 1887 నుండి న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియములో ఉన్నది.

సింహము ఉన్న ఇల్లు

బొమ్మలు అమ్మిన డబ్బుతో రోజా 1859లో ఫోంటెన్‌బ్లో అడవి దగ్గర బీ అనే ఊరిలో పెద్ద ఇల్లు కొన్నది. తన కష్టముతో తనే కొన్నది. నతాలీ, నతాలీ వాళ్ళ అమ్మ కూడా అక్కడే ఉన్నారు. ఆ ఇంటి చుట్టూ గుర్రాలు, ఆవులు, గొర్రెలు, కుక్కలు, జింకలు. సింహాలు కూడా పెంచింది! ఫత్మా అనే ఆడ సింహము కుక్కపిల్ల లాగ ఆమె వెనకాల తిరిగేదట. మనము మాత్రము అట్ల చేయరాదు.

సింహము బొమ్మ వేసినప్పుడు కూడా ఆమె దాన్ని రాక్షసి లాగ వేయలేదు. పులి, సింహము, గొర్రె, ఏదైనా సరే ముందు కన్ను చూసేది. జంతువులకు కూడా మనసు ఉన్నదని ఆమె నమ్మకము.

1865 జూన్ నెలలో ఫ్రాన్సు చక్రవర్తి భార్య యూజెనీ చెప్పకుండా ఆ ఇంటికి వచ్చింది. రోజా పని బట్టలలో ఉన్నది. గబగబా లంగా తొడుక్కుని ఎదురు వచ్చిందట. యూజెనీ స్వయముగా లెజియన్ దొనోర్ అనే పతకమును ఆమె గుండెకు పెట్టింది. ఆ గౌరవము పొందిన మొదటి మహిళా కళాకారిణి రోజా. ఆడమనిషికి అది ఇవ్వటము మంత్రులకు ఇష్టము లేదు. చక్రవర్తి ఊరిలో లేనందున అప్పుడు అధికారము యూజెనీ చేతిలో ఉన్నది. గొప్పతనానికి ఆడ మగ తేడా లేదని చూపించటానికే ఆమె వచ్చింది.

ఆదివాసులను కలిసినప్పుడు

1889లో ప్యారిస్‌లో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. అమెరికా నుండి బఫెలో బిల్ అనే ఆయన గుర్రాల ప్రదర్శన తెచ్చాడు. దానిలో అమెరికా ఆదివాసులు, అడవి దున్నలు కూడా వచ్చినవి. అప్పటికి రోజాకు 67 ఏండ్లు. ఆ సంవత్సరమే నతాలీ చనిపోయింది. రోజా దుఃఖములో ఉన్నది. అయినా వాళ్ళ డేరాల దగ్గరికి పోయి గుర్రాలు, దున్నలు, ఆదివాసుల బొమ్మలు గీసింది. రాకీ బేర్, రెడ్ షర్ట్ అనే లకోటా పెద్దలు ఆమె ఇంటికి కూడా వచ్చారు. తెల్లవాళ్ళు వచ్చి వీళ్ళ నేల ఆక్రమించుకున్నారని, ఈ జనము తగ్గిపోతున్నారని ఆమె బాధపడింది. చాలామంది వాళ్ళను వింతగా చూడటానికి టిక్కెట్టు కొన్నారు. రోజా కూర్చుని ఓపికగా చూసింది. నాకు ఈ భాగము చాలా నచ్చింది.

చివరి రోజులు

1894లో ఆమెకు అదే పతకములో ఇంకా పెద్ద హోదా ఇచ్చారు. అది కూడా ఆడవాళ్ళలో మొదట ఆమెకే. 1898లో ఆన్నా క్లుంకీ అనే అమెరికా చిత్రకారిణి రోజా బొమ్మ వేయటానికి వచ్చి, ఆమెకు తోడుగా అక్కడే ఉండిపోయింది. ఆమెతో రోజా తన జీవితమంతా చెప్పింది. ఆన్నా అది పుస్తకముగా రాసింది. 1899 మే 25న రోజా బొనర్ 77 ఏండ్ల వయస్సులో కన్ను మూసింది. ప్యారిస్‌లో నతాలీ పక్కనే ఆమెను సమాధి చేశారు.

తరువాత కొత్త రకము బొమ్మలు వచ్చి లోకము రోజాను కొంచెం మరిచిపోయింది. మళ్ళీ 2022లో ఆమె పుట్టి 200 ఏండ్లు అయిన సందర్భముగా పెద్ద ప్రదర్శన పెట్టారు. మొదట ఎక్కడో తెలుసా? అప్పుడు బొమ్మ వద్దన్న బోర్డో పట్టణములోనే!

మనము చేయవలసినది

రోజా కథలో పతకాలు చాలా ఉన్నవి. కానీ నాకు మొదటి పని అమ్మదే అనిపిస్తుంది. అక్షరము రాని బిడ్డను చూసి ఈమెకు రాదు అనుకోకుండా, ఏ దారిలో వస్తుంది అని ఆలోచించింది. మన అమ్మలకు అక్షరాలు రావు. వాళ్ళు మనకు అట్ల నేర్పలేరు. కానీ మనము నేర్పగలము గదా.

మన హాస్టలులో మూడో తరగతి చెల్లెళ్ళు కొంతమంది ఇంకా అక్షరాలు కూడబలుక్కోలేక రాత్రి స్టడీలో పుస్తకము వెనక ఏడుస్తున్నారు. ఒక చెల్లి ఇంటికి పోతానంటున్నది. పోతే మళ్ళీ రాదు. అందుకని ఈ పేజీ పక్కన నేను ఒక ఖాళీ చార్టు అంటించాను. ఆ కు ఆవు, ఉ కు ఉడుత, ఎ కు ఎలుగుబంటి, క కు కప్ప, న కు నక్క. ఈ ఐదూ నేను వేశాను. నా ఉడుత ఎలుక లాగ వచ్చింది, నవ్వకండి. మిగిలిన అక్షరాలు మీరు వేయండి. ప్రతి బొమ్మ కింద తెలుగు పేరుతో పాటు మన ఇంటి భాషలో ఆ జంతువు పేరు కూడా రాయండి. అప్పుడు చెల్లెళ్ళకు ఆ అక్షరము పరాయిది అనిపించదు.

వార్డెన్ మేడమ్ గారూ, రంగు పెన్సిళ్ళు ఒక పెట్టె ఇప్పించగలరని కోరుతున్నాము.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని